ఒక తుంటి ఎముక, లోపెన్ అనే మాట

రెండువేల సంవత్సరం. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని అందరూ హడలిపోయి, ఆ హడావిడంతా తుస్సుమన్న ఏడాది అది. సింగపూర్‌లో ఏ ట్రైన్ ఎక్కినా మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న తెలుగువాళ్లు కనిపించేవారు. మా ఆయన శ్రీధర్ కూడా వాళ్లలో ఒకడు. హన్మకొండ నుంచి వచ్చి జురాంగ్ వెస్ట్‌లో ఒక ఫ్లాట్‌లో అద్దెకు దిగాం. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, నేను ఒక పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా. ఇంటికెవరొచ్చినా శ్రీధర్ ఒకటే జోకు వేసేవాడు. "నేను సర్వర్లను నడిపిస్త, మా రజిత మనుషులను నడిపిస్తది. నా సర్వర్లు నయం, ఎదురు మాట్లాడయి."

ఫిజియో అనగానే కాళ్లు పిసికే పని అనుకునేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు ఓపిగ్గా వివరించేదాన్ని, ఇప్పుడు మానేశాను. చదివేవాళ్ల కోసం ఇక్కడ మాత్రం చెబుతాను. ఎముకల వార్డులో డాక్టరు విరిగిన ఎముకను సరిచేసి చేతులు కడుక్కుంటాడు. ఆ ఎముక మీద మనిషిని మళ్లీ నిలబెట్టి, నాలుగడుగులు వేయించి, ఇంటికి పంపే బాధ్యత మాది. పెద్దవాళ్లకు తుంటి విరిగితే ఈ పని మరీ ముఖ్యం. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, లేచి తిరగని మనిషి మంచంలోనే కరిగిపోతుంది. ఛాతీలో నెమ్ము చేరుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి, చివరికి మనసు కూడా మంచానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఆపరేషన్ అయిన మర్నాడే లేపి కూర్చోబెడతాం. పేషెంట్లు మమ్మల్ని తిట్టుకుంటారు. తిట్టించుకోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఆ ఏడాది చివరి వానల్లో మా వార్డుకు గోడెలీవ అనే పెద్దావిడ వచ్చింది. బెల్జియం దేశస్థురాలు, వయసు డెబ్బై దాటింది. కొడుకు బార్ట్ ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఇంజనీరు. కొడుకును చూడ్డానికని వచ్చి, వాళ్ల ఫ్లాట్ కింద తడిసిన టైల్స్ మీద జారిపడింది. ఎడమ తుంటి విరిగింది. విరిగిన ఎముక తల తీసేసి, దాని చోట లోహపు బంతి పెట్టారు. దాన్ని మేం హెమీ అంటాం, అంటే సగం తుంటి మార్పిడి. పేరులోనే గోడ ఉంది, మనిషి కూడా గోడలాగే గట్టిది. భర్తతో కలిసి వాళ్ల ఊళ్లో సైకిల్ దుకాణం నడిపిందట. చెయ్యి పట్టుకుంటేనే తెలిసింది, నా చేతికంటే ఆ చెయ్యే బలమైనదని. మొదటిసారి లేపినప్పుడు బార్ట్ పక్కనే ఉండి నేను చెప్పిన ప్రతి మాటా ఆవిడకు వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ పళ్లు బిగించి, నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఈ కేసు సులువేలే అనుకున్నాను.

మర్నాడే బార్ట్ మలేసియాలోని పెనాంగ్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడ వాళ్ల సాఫ్ట్‌వేర్ గో-లైవ్. కొత్త ప్రోగ్రామును పరీక్షలు దాటించి నిజం వాడకంలోకి తెచ్చే ఘడియను అలా అంటారు. ఆ రోజుల్లో గో-లైవ్ అంటే పెళ్లి ముహూర్తమే, ఎవరి ఇంట్లో ఏం జరిగినా ఆగదు. పాపం, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, నాకు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లాడు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. మాట్లాడేది డచ్. హాలండ్ భాషే బెల్జియంలో సగం దేశం మాట్లాడుతుందని నాకు బార్ట్ చెప్పేదాకా తెలియదు. మా వార్డులో మలయ్ ఉంది, తమిళం ఉంది, చైనా భాషలు నాలుగైదు ఉన్నాయి, నాతో పాటు తెలుగు కూడా ఉంది. డచ్ మాత్రం ఒక్కరికీ రాదు.

శ్రీధర్ ఆఫీసులో హెంక్ అనే డచ్చాయన ఉండేవాడు. ఊరు రోటర్‌డామ్. మా ఇంటికి ఒకసారి భోజనానికి వచ్చి, పుంటికూర పచ్చడి, అదే గోంగూర పచ్చడి, మళ్లీ మళ్లీ వేయించుకుని, కళ్లు తుడుచుకుంటూ తిన్న మనిషి. ఆయనకు ఫోన్ చేసి, ఒక డచ్ పేషెంటు ఉందని చెప్పి, నాలుగు మాటలు నేర్పమన్నాను.

"నిలబడడాన్ని ఏమంటారు?"

"స్తాన్."

"నొప్పి?"

"పెయిన్. ఇంగ్లిష్ లాగే."

"నడవడం?"

"లోపెన్."

భలే, మన లోపం లాగే ఉందే అనుకున్నాను. మర్చిపోదామన్నా మర్చిపోలేను. బస్సులో దారి పొడవునా లోపెన్, లోపెన్ అని నెమరేసుకుంటూ ఆసుపత్రికి వెళ్లాను. లోపం నిజంగా ఆ మాటలోనే ఉందని నాకేం తెలుసు.

ఆవిడను వీల్‌చైర్‌లో మా జిమ్‌కు తీసుకెళ్లాను. జిమ్ అంటే కండలు పెంచే చోటు కాదు, మేం పేషెంట్లతో వ్యాయామాలు చేయించే హాలు. అక్కడ పారలల్ బార్స్ ఉంటాయి, రెండు పక్కలా పట్టుకుని నడవడానికి వీలుగా బిగించిన కడ్డీలు. వాటి వెనకే ట్రెడ్‌మిల్. ఆ ఉదయం దాని మీద మోకాలి ఆపరేషన్ నుంచి కోలుకున్న ఒక ఫుట్‌బాల్ ఆటగాడు చెమటలు కక్కుతూ పరిగెడుతున్నాడు.

"మెవ్రౌ, స్తాన్" అన్నాను. మెవ్రౌ అంటే మేడమ్ అని. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తన భాష నా నోట విని, ఇంకేం ఆలోచించకుండా లేచి నిలబడింది. నాకూ ఉత్సాహం వచ్చేసింది. బార్స్ వైపు చెయ్యి చాచి, గొంతెత్తి "లోపెన్!" అన్నాను.

ఆవిడ ముఖంలో నవ్వు ఆరిపోయింది. నా చెయ్యి చూపించిన వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత తన తుంటిని చూసుకుంది.

"లోపెన్?"

"యా, యా! లోపెన్!"

"నే!" అని వీల్‌చైర్‌లో కూలబడింది. చూపుడువేలు కణత దగ్గర గిర్రున తిప్పి "జొట్" అంది. ఆ మాట హెంక్ నేర్పలేదు కానీ అర్థం కావడానికి హెంక్ అక్కర్లేదు. నన్ను పిచ్చిదంటోంది.

మొదటి రోజు భయం మామూలే. మర్నాడు మంచం దగ్గరే ప్రయత్నించాను. నిలబడమంటే నిలబడింది. లోపెన్ అనగానే కూర్చుంది. సరే, మాట చాలకపోతే చేసి చూపిద్దామని వార్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూపించాను. నా నడకను మా ఇంట్లో ఎవరూ నడక అనరు. కాలేజీలో నన్ను ఎక్స్‌ప్రెస్ అని పిలిచేవాళ్లు. నేను అటు దూసుకెళ్లి ఇటు దూసుకొచ్చి, "చూశారా, లోపెన్!" అని నిలబడితే, ఆవిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్లు మూసుకుంది.

వార్డు స్టాఫ్ నర్సు మే లింగ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. "ఈ ఆంటీ చాలా స్టబర్న్ లా. స్టాండింగ్ ఓకే, సిట్టింగ్ ఓకే, వాకింగ్ మాత్రం డోంట్ వాంట్." సింగపూర్‌లో ఏ మాట చివరైనా ఊరికే ఒక "లా" తగిలిస్తారు.

రోజులు గడిచేకొద్దీ నాలో కంగారు మొదలైంది. ఆవిడ మడమ మీద ఎర్రటి మచ్చ పడింది, పుండుకు అది తొలి అడుగు. దగ్గు మొదలైంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. తిండి తగ్గించేసింది. కిటికీలోంచి విమానం కనిపిస్తే అది కనుమరుగయ్యేదాకా చూసేది. ఆ చూపు నాకు తెలుసు. ఇంటికి వెళ్లాలని ఉన్నవాళ్ల చూపు అది. మరి ఇంటికి వెళ్లాలని ఉన్న మనిషి ఒక్క అడుగు ఎందుకు వేయదు? రోజూ నేను గది గుమ్మంలో కనిపించగానే ముఖం గోడవైపు తిప్పేసుకునేది. నాకు బాధగానూ ఉండేది, ఒళ్లు మండేది కూడా.

బార్ట్‌కు ఫోన్ చేశాను. సర్వర్ రూములో ఉన్నట్టున్నాడు, వెనక ఒకటే హోరు.

"మీరు మరీ ఎక్కువ అడుగుతున్నారని అమ్మ అంటోంది" అన్నాడు. "మీ అందరికీ పిచ్చి పట్టిందంటోంది. ఆమెకు భయం పట్టుకుందేమో, ధైర్యంగా మీరు చెప్పినట్టు చేయమన్నాను, వినడం లేదు. మా అమ్మ ఇంతకుముందు దేనికీ భయపడలేదు." ఇంతలో వెనక ఎవరో ఏదో అడిగారు. బార్ట్ వాళ్లకు జవాబుగా "యా, హెట్ లోప్ట్!" అని అరిచాడు.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఇప్పుడు ఏమన్నారు? లోప్ట్ అంటే?"

"అదా, సర్వర్ గురించి. పనిచేస్తోందని."

ఇక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. లోప్ట్, లోపెన్ ఒకే మాట. అంటే సర్వర్ నడుస్తోందని చెప్పాడన్నమాట! మన దగ్గర బడి నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, మిల్లు నడుస్తుంది, శ్రీధర్ సర్వర్లూ నడుస్తాయి. డచ్‌లో కూడా నడుస్తాయి కాబోలు. అదే ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లయితే, సర్వర్ రన్ అవుతుంది, అంటే పరిగెత్తుతుంది కదా, లోపెన్ అంటే పరుగా ఏంటి కొంపదీసి అని అక్కడే ఆగేవాళ్లు. నేను తెలుగుదాన్ని కావడంతో నాకు ఇంకా ధైర్యం వచ్చింది. మాట సరైనదే, మనిషే మొండిది అని తేల్చేసుకున్నాను.

శుక్రవారం రౌండ్స్‌లో డాక్టరు ఫైలు మూస్తూ అన్నాడు. "సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ నడవకపోతే నర్సింగ్ హోమ్‌కు రాసేద్దాం."

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. సింగపూర్‌లో అర్థం వేరు, ఇక కోలుకోరనుకున్న పెద్దవాళ్లను ఉంచే చోటు. అక్కడికి వెళ్లి మళ్లీ సొంత కాళ్ల మీద బయటికొచ్చినవాళ్లను నేను చూసింది చాలా తక్కువ. భాష తెలియని దేశంలో, పలకరించే మనిషి లేకుండా, ఆ సైకిల్ దుకాణం చేతులు మంచం కడ్డీల మీద అలా పడి ఉండడం ఊహించుకున్నాను.

ఆదివారం సాయంత్రం కూరగాయల సంచీతో జురాంగ్ వెస్ట్ బస్టాప్ వైపు వస్తున్నాను. ముందు మా పక్క బ్లాకు అప్పారావు అంకుల్. తాతల కాలంలో విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం వాళ్లది. అంకుల్ పుట్టింది, పెరిగింది, టాక్సీ నడిపి రిటైరైంది, అన్నీ ఇక్కడే. మోకాలు మార్పించుకుని నా దగ్గరికే ఎక్సర్‌సైజులకు వచ్చేవాడు. బస్సు మలుపు తిరగడం చూసి, చేతికర్ర చంకలో పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

"అంకుల్! ఉరుకొద్దు! ఉరుకొద్దు!" అని అరిచాను.

ఆయన టక్కున ఆగిపోయాడు. కాళ్ల ముందు నేల వైపు చూశాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఈలోగా బస్సు వచ్చింది, వెళ్లింది.

"ఏటమ్మాయ్, ఉరకొద్దంటావు? ఇక్కడ నుయ్యుందా, గొయ్యుందా ఉరకడానికి? డ్రెయిన్ మూత గానీ తీసేసేరేమోనని హడిలిపోయేను!"

"నుయ్యేంది అంకుల్? బస్సు కోసం ఉరుకుతున్నరు కదా, మోకాలు ఖరాబైతదని అన్న."

"నేను పరిగెట్టేను. ఉరకలేదు. ఉరకడమంటే దూకడం కదేటి? మేం గోడెక్కితే మా నాయనమ్మ 'ఉరక్కండర్రా, కాలిరిగిపోద్ది' అని కేకలేసీది."

"మా దిక్కు ఉరుకుడంటే పరిగెత్తుడే. దూకేదాన్ని దూకుడే అంటం."

అంకుల్ పకపకా నవ్వాడు. "అయితే మీ ఊళ్లో అందరూ బస్సు కోసం ఉరుకుతారన్నమాట. మా ఇంట్లో ఎవరైనా బస్సుకి అడ్డంగా ఉరికితే పోలీసు కేసు లా! సర్లే, బస్సు పోయింది. రా, కోపీ తాగుదాం."

కోపీ అంటే ఇక్కడి కాఫీ. అంకుల్ రెండు కోపీలు చెప్పి, నాయనమ్మ గోడల కథ మొదలుపెట్టాడు. నేను సగం వింటున్నాను. కప్పు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. నేనూ తెలుగే, ఆయనా తెలుగే. నా నోట్లో పరుగుగా బయల్దేరిన మాట, ఆయన చెవిలోకి చేరేసరికి దూకుడైపోయింది. ఆయన మొండిగా ఆగలేదు, విన్నదాన్ని బట్టి సరిగ్గానే ఆగాడు. మరి రోటర్‌డామ్‌లో బయల్దేరిన మాట బెల్జియం చెవిలోకి ఏమై చేరుతోంది? కళ్ల ముందు ట్రెడ్‌మిల్ మెదిలింది. దాని మీద చెమటలు కక్కుతున్న ఫుట్‌బాల్ ఆటగాడు. వాడి వైపు చాచిన నా చెయ్యి.

"అంకుల్, నేను పోవాలె" అని లేచాను.

"ఎక్కడికమ్మా? కోపీ చల్లారిపోద్ది! ఉరక్కు!" అని వెనక నుంచి ఆయన వేళాకోళం.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా హెంక్‌కు ఫోన్ చేశాను.

"బెల్జియమా?" అన్నాడు హెంక్. "నువ్వు డచ్ పేషెంటన్నావు, నేను మా హాలండ్ ఆవిడే అనుకున్నాను. అయ్యయ్యో. వాళ్లకు లోపెన్ అంటే పరుగు. నడవడాన్ని వాళ్లు స్తాపెన్ అంటారు."

"మీకు ఆ మాట లేదా?"

"ఎందుకు లేదు? మాకు స్తాపెన్ అంటే స్నేహితులతో కలిసి బార్లు తిరగడం. ఆసుపత్రిలో నాతో ఎవరైనా ఆ మాటంటే, తుంటి ఎలా ఉన్నా సరే బూట్లు వేసుకునేవాణ్ని." కాసేపు నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. "అంటే ఇన్ని రోజులూ తుంటి విరిగిన ముసలమ్మను పరిగెత్తమని పోరుపెట్టావా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకు భయమూ లేదు, మొండితనమూ లేదు. ఆపరేషన్ అయిన తుంటితో పరిగెత్తమంటే తెలివి ఉన్న ఎవరైనా చేసేపనే చేసింది. మా వార్డు మొత్తంలో ఆ విషయం సవ్యంగా ఆలోచించిన మనిషి ఆవిడొక్కతే.

సోమవారం పొద్దున్నే వాకింగ్ ఫ్రేమ్, మన దగ్గర వాకర్ అనేది, పట్టుకుని వెళ్లాను. నన్ను చూడగానే అలవాటుగా గోడవైపు తిరిగింది. నేను మంచం పక్కన కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా అన్నాను.

"మెవ్రౌ. స్తాపెన్."

తల తిప్పింది. "స్తాపెన్?"

దుప్పటి మీద నా రెండు వేళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా, ఎంతో మెల్లగా నడిపించాను. ఆవిడ ఆ వేళ్లనే చూస్తోంది. తర్వాత అనుమానంగా నా ముఖంలోకి చూసి అడిగింది. "లోపెన్?"

"నే, నే! నీట్ లోపెన్!" నీట్ అంటే వద్దు అని హెంక్ నేర్పాడు. "స్తాపెన్. స్తాపెన్."

ఆవిడ నోరు మెల్లగా తెరుచుకుంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత మంచం కదిలింది. ఏమిటా నవ్వు! రెండు పిడికిళ్లు బిగించి, గాలిలో ముందుకీ వెనక్కీ ఊపుతూ, ఆ ఫుట్‌బాల్ ఆటగాణ్ని అనుకరించింది. తన తుంటిని చూపించింది, నన్ను చూపించింది, వేలు కణత దగ్గర తిప్పింది. డచ్‌లో ఏదేదో గడగడా చెప్పింది. ఒక్క ముక్క తెలియకపోయినా నాకు మొత్తం అర్థమైంది.

మా గోల విని మే లింగ్ పరిగెత్తుకొచ్చింది. "రజితా, ఎందుకు స్టాప్, స్టాప్ అంటున్నావ్? ఆంటీకి ఏమైంది?"

"స్టాప్ కాదు, స్తాపెన్. నడవమంటున్నాను."

"నడవమనడానికి స్టాప్ అంటారా? ఏం భాష లా ఇది!"

గెయిట్ బెల్ట్ కట్టాను. నడుముకు కట్టే వెడల్పాటి పట్టీ అది, పేషెంటు తూలితే పట్టుకోవడానికి. ఆవిడ ఫ్రేమ్ పట్టుకుని లేచింది. ఫ్రేమ్ ముందుకు జరిపింది. ఆపరేషన్ అయిన కాలు కదిపింది, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుంది. నొప్పికి పెదవి కొరుక్కుంది, కానీ ఆగలేదు. "స్తాప్... స్తాప్..." అని తనకు తానే చెప్పుకుంటూ మంచం చివరిదాకా, అక్కడి నుంచి కిటికీ దాకా వెళ్లింది. కిటికీ చట్రం పట్టుకుని ఆకాశం వైపు చూసింది. తర్వాత ఒక చెయ్యి తీసి నా చెంప మీద పెట్టింది. నేను ఏడ్చేశాను. వృత్తిలో ఏడవకూడదని మాకు చదువులో చెబుతారు. చెప్పినవాళ్లు ఆ కిటికీ దగ్గర లేరు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత మొదలైంది. భోజనాల వేళ మే లింగ్‌కు కథంతా చెబితే, ఆమె చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, "ఇందులో వింతేముంది లా?" అంది. తన అరచేతి మీద వేలితో ఒక అక్షరం గీసింది. "ఇది మాండరిన్‌లో జోవ్. అంటే నడవడం. మా అమ్మమ్మ మాట్లాడే హొక్కియెన్ భాషలో ఇదే అక్షరం చౌ. అంటే పరిగెత్తడం. పాత చైనీస్‌లో కూడా పరుగేనని మా టీచర్ చెప్పేది."

బెల్జియం ఎక్కడ, చైనా ఎక్కడ, హన్మకొండ ఎక్కడ! ఒకరి ముఖం ఒకరు చూడని జనాలు, ఒకరి మాట ఒకరు వినని జనాలు. అయినా అందరి నోళ్లలోనూ కాళ్ల మాటలు ఒకే దారి పట్టాయి.

అది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సెలవు రోజున లైబ్రరీకి వెళ్లి, మాటల పుట్టుక చెప్పే లావుపాటి నిఘంటువు ఒకటి దించాను. లోపెన్ చాలా పాత మాట. మొట్టమొదట దాని అర్థం నడకా కాదు, పరుగూ కాదు. ఎగిరి దూకడం! ఇంగ్లిష్‌లోని లీప్ దాని తోడబుట్టినదేనట. ఒక తల్లి పిల్లలే అయినా, ఇంగ్లిష్‌లో స్థిరపడినది ఇప్పటికీ దూకుతూనే ఉంది. జర్మన్ల దగ్గరికి వెళ్లినది అవసరాన్ని బట్టి పరిగెడుతుంది, నడుస్తుంది. బెల్జియంలో ఉన్నది పరుగు దగ్గర ఆగింది. హాలండ్‌లో ఉన్నది నడకకు దిగింది. కారే ముక్కుకూ, తిరిగే గడియారానికీ, పనిచేసే సర్వర్‌కూ కూడా అదే మాట వాడుకుంటున్నారు. ఆ పేజీ ముందు నిలబడి, కూర్చోవడం కూడా మర్చిపోయాను.

ఎందుకంటే నేను రోజూ చూసేది అదే. దూకిన కాళ్లు కొన్నాళ్లకు పరిగెడతాయి, పరిగెత్తిన కాళ్లు నడకకు వస్తాయి. మాటకు కూడా మోకాళ్లు ఉన్నట్టు, అది కూడా మనిషిలాగే నెమ్మదించింది. ఎవరూ సభ పెట్టి తీర్మానం చేయలేదు. తల్లులు పిల్లల్ని పిలుస్తుండగా, బస్సులకోసం జనం తొందరపడుతుండగా, ఎవరూ గమనించకుండా జరిగిపోయింది. మన ఉరుకు మాత్రం తక్కువ తిందా? అంకుల్ నాయనమ్మ నోట్లో గోడ మీంచి దూకింది, మా దిక్కు వచ్చి పరుగందుకుంది. ఎన్నో తరాల తర్వాత మా ఊరి పిల్లలు పొద్దున్నే పార్కులో మెల్లగా తిరగడాన్ని ఉరుకుడు అంటారేమో! ఆ మాట శ్రీధర్‌తో అంటే, "గప్పుడు నీ నడకను ఏమంటరో" అన్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. అప్పటి నుంచి ఏ కొత్త పేషెంటు వచ్చినా, కాలు ముట్టుకునే ముందు అడుగుతాను. "మీ ఇంట్లో నడకను ఏమంటారు? పరుగును ఏమంటారు?" తెలుగువాళ్లనైనా అడుగుతాను, తెలుగువాళ్లనైతే తప్పకుండా అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. ఎవరైనా పేషెంటు మొండిదని జూనియర్లు నాతో అంటే, ముందు ఆమెకు ఏం వినపడిందో కనుక్కుని రమ్మంటాను. చాలాసార్లు అక్కడే ముడి వీడిపోతుంది.

గోడెలీవ డిశ్చార్జి రోజున బార్ట్ పెనాంగ్ నుంచి తిరిగొచ్చాడు. వార్డు గుమ్మంలో నిలబడి, తల్లి ఫ్రేమ్ పట్టుకుని తనవైపు నడిచి రావడం చూశాడు. సాయం చేయబోతే ఆవిడ చేత్తోనే వారించింది. అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను ఇంకో పేషెంటు పిలిస్తే జిమ్‌కు వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. దిండు పక్కన ఆవిడ కళ్లజోడు. అది పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆ చివర లిఫ్టు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆవిడ ఫ్రేముతో లోపలికి అడుగు పెట్టబోతోంది. నేను కళ్లజోడు పైకెత్తి ఊపుతూ, అప్పుడే తుడిచిన నేల మీద పరుగందుకున్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. కళ్లు పెద్దవి చేసి, వేలు ఎత్తి, వరండా మొత్తం మారుమోగేలా అరిచింది.

"రజీటా! నీట్ లోపెన్!"

హెంక్ గనక విని ఉంటే, నడవొద్దంటోంది కాబోలని అక్కడికక్కడే నిలబడిపోయేవాడు. నేను పరుగు ఆపి, లిఫ్టు తలుపు పట్టుకుని నా కోసం నవ్వుతూ నిలబడ్డ ఆవిడ దగ్గరికి మెల్లగా నడుచుకుంటూ వెళ్లాను.